కొంచెమే కదా అనకండి

బరువు తగ్గాలని రోజుకు ఐదారుసార్లు తినడం మొదలుపెట్టారా? మీ ఇంట్లో అమ్మగానీ, అన్నగానీ, పెళ్లి దగ్గరపడుతున్న అమ్మాయిగానీ ఆ పద్ధతిలోకి వెళ్లారా? అయితే దయచేసి ఒక్క పది నిమిషాలు ఇటు వినండి. ఆలస్యమైతే దిద్దుకోవడం కష్టమయ్యే విషయం ఇది.

"కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి, కొవ్వు దానంతటదే కరుగుతుంది" అన్న సలహా ఇప్పుడు మన ఇళ్లలో వేదవాక్కు అయిపోయింది. జిమ్ములో ట్రైనర్ చెబుతున్నాడు. యూట్యూబ్‌లో చెబుతున్నారు. పక్కింటావిడ తన డైట్ చార్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతోంది. వాళ్లెవరికీ మన మీద కక్ష లేదు. మంచి కోరే చెబుతున్నారు. కానీ ఆ సలహా మన వంటింటి గడప దాటేసరికి సగమే మిగులుతోంది. 'ఎక్కువసార్లు' అన్నది నిలిచింది, 'కొంచెం' అన్నది జారిపోయింది. మూడుపూటల తిండి ఎప్పటిలాగే ఉంది. దానికి మరో మూడు నాలుగు పూటలు తోడయ్యాయి.

ఒక మామూలు ఇల్లాలి రోజు చూడండి. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నమో చపాతీయో. ఇందులో ఏదీ తగ్గలేదు. పదకొండింటికి రెండు చెంచాల చక్కెర వేసిన టీ, నాలుగు మేరీ బిస్కెట్లు: దాదాపు 180 కెలోరీలు. నాలుగింటికి మళ్లీ టీ, గుప్పెడు జంతికలు: 230. దీపాల వేళకు "పల్లీలు మంచివట" అని గుప్పెడు వేయించిన పల్లీలు: 170. పడుకోబోయే ముందు చక్కెర వేసుకుని గ్లాసు పాలు: 140. మొత్తం కలిపితే 700 దాటింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం పెద్దగా ఒళ్లు వంచని పని చేసుకునే ఆడవారికి రోజంతటికీ కావలసింది సుమారు 1660 కెలోరీలు. అంటే రోజు మొత్తం తిండిలో నలభై శాతం పైమాట, కంచం ముందు కూర్చోకుండానే లోపలికి వెళ్లిపోయింది. అరగంట గబగబా నడిస్తే ఖర్చయ్యేది 120 నుంచి 150 కెలోరీలు. ఆ నడక పదకొండింటి టీకి కూడా చాలదు.

ఈ లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి వేసుకున్న రెండు చెంచాలు. పిల్లల కంచంలో మిగిలిన పెరుగన్నం పారేయడానికి మనసొప్పక తినేసిన నాలుగు ముద్దలు. గుడికెళ్తే దొన్నెలో పెట్టిన చక్కెర పొంగలి. వీటిని ఎవరూ తిండి అనుకోరు. ఒళ్లు మాత్రం అన్నిటినీ లెక్క రాసుకుంటుంది.

ఎక్కువసార్లు తింటే జీవక్రియ చురుకవుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? తిన్నది అరిగించుకోవడానికి శరీరం కొంత శక్తి ఖర్చు పెట్టుకుంటుంది. అది నిజమే. మామూలు భోజనంలో ఆ ఖర్చు సుమారు పదో వంతు. అయితే అది ఎంత తిన్నామన్నదాన్ని బట్టి పెరుగుతుంది, ఎన్నిసార్లు తిన్నామన్నదాన్ని బట్టి కాదు. అయిదువందల నోటును అయిదు వంద నోట్లుగా మార్చుకుంటే జేబులో డబ్బు పెరుగుతుందా? 1800 కెలోరీలను మూడుసార్లు తిన్నా ఆరుసార్లు తిన్నా అరుగుదల ఖర్చు ఆ 180 దగ్గరే ఉంటుంది.

దీని వెనక చాలా ఏళ్ల కథ ఉంది. 1964లో ప్రాగ్ నగరంలో ఫాబ్రీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి వయసు పైబడిన మగవాళ్లను పరిశీలించి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఎక్కువసార్లు తినేవాళ్లలో అధిక బరువు తక్కువగా ఉందన్నారు. లోకం దాన్ని పట్టుకుంది. కానీ అది వాళ్లు ఎలా తింటున్నారో చూసి చెప్పిన మాట. తినే పద్ధతి మార్పించి ఏమవుతుందో కొలిచిన మాట కాదు. బరువు పెరిగాక భయపడి పూటలు మానేసేవాళ్లు ఎంతమంది ఉంటారో మనకు తెలియనిదా? లావుగా ఉన్నవాళ్లు మధ్యలో తిన్న చిరుతిళ్లను చెప్పడం మరిచిపోవడం కూడా మామూలే. 1997లో బెలీల్, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, ఎక్కువసార్లు తిన్నందువల్ల శరీరం అదనంగా శక్తి ఖర్చు పెడుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు.

ఆ తర్వాత కొలిచి చూసిన పరీక్షలు వచ్చాయి. కెనడాలోని అటావాలో ఒకే పరిమాణంలో తగ్గించిన తిండిని కొందరికి మూడు భోజనాలుగా, కొందరికి మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లుగా ఎనిమిది వారాలు పెట్టారు. తగ్గిన బరువులో తేడా లేదని 2010లో ప్రచురించారు. అమెరికాలో 2013లో వెలువడిన మరో చిన్న పరీక్ష సంగతి ఇంకా ఆలోచించదగ్గది. రోజుకు ఆరుసార్లు తిన్నప్పుడు కొవ్వు ఎక్కువ కరగలేదు సరికదా, ఆకలీ, తినాలన్న కోరికా పెరిగాయి. మాటిమాటికీ తింటే ఆకలి చచ్చిపోతుందని మనం నమ్ముతున్నాం కదా! ఇక అదే ప్రాగ్ నుంచి, సరిగ్గా యాభై ఏళ్లకు, 2014లో మరో ఫలితం వచ్చింది. టైప్ 2 షుగర్ ఉన్న 54 మందికి ఒకే పరిమాణంలో తగ్గించిన తిండిని పన్నెండు వారాలు ఆరు చిన్న పూటలుగా, మరో పన్నెండు వారాలు పొద్దున్నా మధ్యాహ్నమూ రెండే పెద్ద పూటలుగా ఇచ్చారు. ఆరు పూటల్లో సగటున 2.3 కిలోలు, రెండు పూటల్లో 3.7 కిలోలు తగ్గారు.

ఇది చదివి రేపటి నుంచి రెండే పూటలు తినేద్దామని బయల్దేరకండి, మీకు పుణ్యముంటుంది. ఆ 54 మందీ వైద్యుల కళ్లముందు ఉన్నవాళ్లు. ఇందులో మనం గమనించాల్సింది మరొకటి. రెండు పద్ధతుల్లోనూ బరువు తగ్గారు. ఎందుకంటే రెండింటిలోనూ తిండి తగ్గించారు.

ఈ అదనపు తిండి తెచ్చే ముప్పు అందరికీ ఒకేలా రాదు. కూర్చుని పనిచేసేవాళ్లకు ముందు వస్తుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని, 71 శాతం మంది ఊబకాయం కొలతలోకి వచ్చారని 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. వీళ్లు తిండి లేక కాదు, కుర్చీలోంచి లేవక, నిద్రలేక, రాత్రి పదిన్నరకు భోంచేసి పాడవుతున్నారు. వీళ్లకు "రెండు గంటలకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో" అని చెప్పడమంటే ఆఫీసు పాంట్రీలోని బిస్కెట్ల జాడీ చేతికివ్వడమే. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఆ జాడీ స్థానంలో ప్రొటీన్ బార్లు, డ్రైఫ్రూట్ పొట్లాలు ఉంటాయి. పేరు మారుతుంది, కెలోరీలు మారవు. జీడిపప్పు, బాదం నిజంగానే మంచివి. కానీ ఏవైనా 30 గ్రాములు తింటే 170 కెలోరీలకు కాస్త అటూఇటూగా వస్తాయి. ఆ 30 గ్రాములు అరచేతిలో పోసుకుని చూడండి, ఎంత తక్కువో తెలుస్తుంది.

సంచిలో ఇంటికొచ్చే పొట్లాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. 'డైట్ మిక్చర్', 'మల్టీగ్రెయిన్ బిస్కెట్', 'బేక్‌డ్ చిప్స్' అని ముందువైపు పెద్దక్షరాలతో ఉంటుంది. దయచేసి వెనక్కి తిప్పండి. పదార్థాలను పరిమాణం ఎక్కువ ఉన్నదాంతో మొదలుపెట్టి రాయాలన్నది నియమం. మొదటి పేరే 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఉంటే అది మైదా. రెండోదో మూడోదో పామోలిన్ అయితే మిగతా ధాన్యాలన్నీ పేరుకే. సోడియం ఎంతుందో కూడా చూడండి. రోజంతటికీ 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే చెంచాడు ఉప్పు. మనకు ఆవకాయ, పప్పు, పులుసుతోనే అది నిండిపోతుంది. పొట్లాల్లో వచ్చేదంతా పైన పడేదే. బీపీ ఉన్నవాళ్లు ఈ మాట మరోసారి చదవండి.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పసివాళ్లకు రోజుకు చాలాసార్లు పెట్టాల్సిందే. వాళ్ల పొట్ట చిన్నది, అవసరం పెద్దది. దాంట్లో కోత పెట్టకండి. బడికెళ్లే పిల్లల విషయం అలా కాదు. ఇంటికి రాగానే బిస్కెట్లు, ట్యూషన్‌కి వెళ్తూ చిప్స్, వచ్చాక నూడుల్స్. ఎనిమిదింటికి పప్పన్నం కంచం ముందు పెడితే "ఆకలి లేదమ్మా" అంటారు. అబద్ధం కాదు, నిజంగానే ఉండదు. పప్పు, కూర, గుడ్డు వెళ్లాల్సిన చోటుని మైదా ఆక్రమించేసింది.

దంతాల మాట ఈ డైట్ చార్టుల్లో ఎవరూ రాయరు. తీపిగానీ పిండిపదార్థంగానీ నోట్లో పడగానే అక్కడి సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. లాలాజలం దాన్ని కడిగి నోటిని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటకోసారి తినే నోటికి ఆ విరామం ఎక్కడుంది? స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో జరిగి 1954లో వెలుగుచూసిన పరిశోధనలో, భోజనంతో పాటు తిన్న చక్కెర కంటే భోజనాల మధ్య తిన్న అంటుకునే మిఠాయిలే పళ్లను ఎక్కువ పాడుచేశాయని తేలింది. నోరు విప్పి కాదనలేని, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల మీద అలాంటి పరీక్ష చేయడం పెద్ద తప్పు. అంత మూల్యం కట్టి తెలుసుకున్నదాన్ని మనం పెడచెవిన పెట్టకూడదు.

ఇప్పుడు గుర్తులు చెబుతాను. మీలోనో మీవాళ్లలోనో చూసుకోండి. ఆకలి వేయకుండానే గడియారం చూసి తింటున్నారా? మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు అసలైన ఆకలి తెలిసి చాలా రోజులైందా? చేతిలో ఏదీ లేకపోతే ఏదో వెలితిగా ఉంటోందా? పడుకోబోయేముందు తినకపోతే నిద్ర పట్టడం లేదా? పుల్లటి తేన్పులు పెరిగాయా? ఇంచ్ టేపు తీసుకుని నడుం కొలవండి. పొట్ట లోపలికి బిగబట్టకుండా, ఊపిరి వదిలి కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే అది మన దేశస్థుల శరీరానికి పెట్టిన హెచ్చరిక గీత. బరువు యంత్రం మీద అంకె బాగానే ఉన్నా, సన్నటి కాళ్లూ చేతులూ ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు మనలో చాలామంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. ఆ అంచున నిలబడి ఉన్నామో లేదో మనలో ఎంతమందికి తెలుసు?

కొన్ని గుర్తులు కనబడితే డైట్ గురించి ఆలోచించడం మాని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మాటిమాటికీ ఆకలేసి తింటున్నా బరువు పడిపోతోందా, దాహం, రాత్రిపూట మాటిమాటికీ మూత్రానికి లేవడం ఉన్నాయా? షుగర్ పరీక్ష ఆలస్యం చేయకండి. ఆకలి, బరువు తగ్గడం, గుండెదడ, చేతుల వణుకు కలిసి ఉంటే థైరాయిడ్ చూపించుకోండి. నాలుగైదు రోజుల్లోనే బరువు పెరిగి, కాళ్లు వాచి, నడిస్తే ఆయాసం వస్తోంటే అది తిండి వల్ల వచ్చిన కొవ్వు కాకపోవచ్చు. గుండె, కిడ్నీ, కాలేయం ఏదైనా కావచ్చు. ఇంట్లో ఆడపిల్ల చాటుగా గబగబా తినేసి, ఆ తర్వాత తనను తాను తిట్టుకుంటూ పూటల తరబడి పస్తులుంటే, దయచేసి కసురుకోకండి. "నీ మొహానికి డైటొకటా" అనకండి. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి, మంచి వైద్యులకు చూపించండి.

కొంచెం కొంచెంగా తినడమే మేలైనవాళ్లు ఉన్నారు, వాళ్లని నేను ఈ వ్యాసంతో కంగారు పెట్టకూడదు. వేవిళ్లతో బాధపడే గర్భిణులు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, కేన్సర్ చికిత్సలోనో టీబీ మందుల మీదో ఉండి ఆకలి చచ్చిపోయినవాళ్లు, రెండు ముద్దలకే చాలనే ముసలివాళ్లు. వీళ్లకి ఎక్కువసార్లు తినమని డాక్టరు చెప్పేది బరువు తగ్గడానికి కాదు, ఒళ్లు నిలబెట్టుకోవడానికి. లివర్ సిరోసిస్ ఉన్నవారికి రాత్రి పడుకునే ముందు పెట్టే చిరుతిండి నిజంగా మందులాంటిదే. అది ఆపకండి.

మరి బరువు తగ్గాలనుకునేవాళ్లు ఏం చేయాలి? ముందుగా ఒక మూడు రోజులు, నోట్లోకి వెళ్లిన ప్రతిదీ కాగితం మీద రాయండి. టీలు, రుచి చూసిన చెంచాలు, ప్రసాదం, అన్నీ. ఎవరికీ చూపించక్కర్లేదు. ఒక్క చక్కెరనే లెక్కేయండి. రెండు చెంచాల చొప్పున నాలుగు టీలు తాగితే దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలంటోంది. ఆరుసార్లు తినడమే మీ ఒంటికి సుఖంగా ఉంటే అలాగే తినండి, కాదనను. కానీ పదకొండింటి రెండు ఇడ్లీలు పొద్దున్న ఎనిమిదింటి కంచంలోంచి రావాలి. నాలుగు తినేసి, మళ్లీ రెండు అంటే అది ఆ పద్ధతి కాదు. మూడుసార్లు తినేవాళ్లు కంచంలో అన్నం తగ్గించి, పప్పు, గుడ్డు, పెసలు, కూర, పెరుగు పెంచండి. అప్పుడు నాలుగింటికి చెయ్యి డబ్బా దాకా పోదు. పోయినా మజ్జిగో, గుప్పెడు ఉడికించిన సెనగలో, జామకాయో ఉండేలా చూసుకోండి. స్పెయిన్‌లో బరువు తగ్గే చికిత్సలో ఉన్న 420 మందిని గమనిస్తే, ప్రధాన భోజనం మధ్యాహ్నం మూడు దాటాక చేసేవాళ్లు తక్కువ బరువు తగ్గారు. మన ప్రధాన భోజనం చాలా ఇళ్లలో రాత్రి తొమ్మిదిన్నర దాటాకే అవుతోంది. దాన్ని ఒక గంట ముందుకు జరపగలరా, ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి.

ఇవన్నీ వారం పది రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. ఒక్క విషయం మాత్రం ఆగదు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఈ వ్యాసం చదివి అయినా, ఎవరో చెప్పిన ఉపవాస పద్ధతి విని అయినా, తినే వేళలు సొంతంగా మార్చకండి. ఆ మందులు మీరు తిన్నారా లేదా అని చూడవు. వాటి పని అవి చేసుకుపోతాయి. మునుపటి ఇన్సులిన్ పద్ధతులకు మధ్యమధ్య తినడం తప్పనిసరి కాబట్టే పెద్ద డాక్టర్లు అప్పట్లో ఎక్కువసార్లు తినమని చెప్పారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయే ప్రమాదం చాలా తక్కువ. అయినా వాళ్లలో చాలామంది అదే భయంతో రోజంతా బిస్కెట్లు తిని బరువు పెంచుకుంటున్నారు. మీరు ఏ కోవలో ఉన్నారో మీ డాక్టరే చెప్పాలి. మాత్రల పేరు గుర్తుండదని మొహమాటపడకండి, మాత్రల అట్టనే పట్టుకెళ్లి చూపించండి.

షుగర్ 70 కంటే కిందికి పడిపోతే చెమటలు, వణుకు, దడ, విపరీతమైన ఆకలి, చిరాకు, మాట తడబాటు వస్తాయి. బీపీకి కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకు దడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. మనిషి స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటలో మళ్లీ పరీక్షించండి. షుగర్ 70 పైకి రాకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరి మార్గానికి అడ్డం పడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఇంట్లో పడుకోబెట్టేయకండి. ఆ షుగర్ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, అర్ధరాత్రి మళ్లీ పడిపోవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, వేసుకున్న మాత్ర ఏదో, ఎన్నింటికి వేసుకున్నారో చీటీ మీద రాసి చేతిలో పెట్టుకోండి.